ఫిర్యాదుల పెట్టె తాళంచెవి

గురువారం, రాత్రి

ఈ రోజు మా బడిలో ఫిర్యాదుల పెట్టె పెట్టారు. పిల్లల మీద లైంగిక వేధింపులను ఆపడానికి కొత్త చట్టం వచ్చింది కదా, అందుకని. ప్రిన్సిపాల్ గారు అసెంబ్లీలో గొప్పగా చెప్పారు, పిల్లలు చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం ఎనిమిదో తరగతి కావ్య నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "మిస్, ఆ పెట్టెల చీటీ ఏస్తే ఎవరు చదువుతరు?"

"ప్రిన్సిపాల్ సార్."

"మరి తాళంచెవి కంప్యూటర్ సార్ తాన ఎందుకున్నది?"

ఎందుకలా అడుగుతున్నావన్నాను. ల్యాబ్‌లో తను కూర్చున్న కుర్చీ వెనక నిలబడి ఆయన తననెలా తాకుతాడో ఏడుస్తూ చెప్పింది.

ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. పిల్ల పేరెత్తకుండా, తాళంచెవి కంప్యూటర్ సార్‌కు ఎందుకిచ్చారని మాత్రమే అడిగాను.

"ఎవరో ఒకరి దగ్గర ఉండాలె కద మేడం. మీరు జెర ఎక్కువ ఆలోచిస్తున్నరు," అని నవ్వారు.

తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం నేరమని ఆ చట్టమే అంటోంది. మొన్న ట్రైనింగ్‌లో ఆ మాట చదివినప్పుడు ప్రిన్సిపాల్ గారు నా పక్కనే కూర్చున్నారు. అయినా, రేపు ఆయనతోనే ఇంకోసారి మాట్లాడదామనుకుంటూ ఇంటికొచ్చాను.

ఇందాక ఆయనే ఫోన్ చేశారు. "కావ్య చిన్నపిల్ల మేడం, ఏదో అంటది. మీరు పరేషాన్ గాకండి."

పేరు నేను చెప్పలేదే! ఇంకెవరైనా చెప్పారో, ముందునుంచే తెలుసో...

వెంటనే కావ్య వాళ్లమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. మోండా మార్కెట్‌లో కూరగాయలు అమ్ముతుందామె. చివరిదాకా వింది. తర్వాత, "రేపు దుకాణం తియ్య మేడం. ఠాణాకు మీరు సుత వస్తరా?" అంది.

వస్తానన్నాను. బడికి సెలవు మాత్రం అడగలేదు. ఎందుకని అడుగుతారు కదా.