జిట్రేగి వాగు పాత దారి

ఆదిలాబాద్ జిల్లా జిట్రేగిపల్లి వాస్తవ్యుడను, ఖతర్‌లోని అల్ ఖోర్ క్యాంపులో ప్రొక్లెయిన్ ఆపరేటరును అయిన బొల్లి ముత్యం అను నేను, ఈ ఆదివారం గుండె ఆపరేషనుకు పోతూ రాయించుకున్న వీలునామా. చెడింది గుండె, బుద్ధి కాదు. ఎవరి బలవంతమూ లేదు.

1. జిట్రేగి వాగుకు పడమటనున్న నా నాలుగెకరాలూ నా భార్య గౌరవ్వకు సర్వహక్కులతో చెందాలి. నా అన్న రాజలింగు రెండెకరాలే అంటాడు. వాడి మాట వినవద్దు.

2. హద్దు. మా పంపకాల కాగితంలో వాగుకు తూర్పు అన్నది, పడమర నాది. ఆ వాగు ఏదో చెబుతున్నాను. గుట్ట మీద రాళ్ల సందున ఊటగా పుట్టి, టేకు అడవిలోకి దిగి, వెదురు పొదల కిందుగా వచ్చి, మూడు నల్లమద్ది చెట్ల దగ్గర తూర్పుకు తిరిగి, నా పొలంలో రెండెకరాలను చుట్టి, మళ్లీ పడమటికి మళ్లి కడెం నదిలో కలిసేది. అదే వాగు. ఇప్పుడు పారేది వాగు కాదు, కాలువ.

3. ఆ కాలువ తవ్విందెవరో కూడా రాయాలి. నేనే. మూడేళ్ల కిందట సెలవు మీద పోయినప్పుడు అన్న, "తమ్మీ, వంపు కాడ ఒడ్డు కోసుకపోతున్నది. దుబాయ్‌ల నేర్సిన పని జర మాకు సూపియ్యరాదు" అన్నాడు. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా వాడికి అంతా దుబాయే. ఊరంతా చూస్తోందని మురిసిపోయి, రోడ్డు కాంట్రాక్టరు ప్రొక్లెయిన్ అడిగి తెచ్చి, ఇక్కడ పైపులైనుకు తవ్వినట్టే వంపును తెగ్గొట్టి ఒక్కరోజులో తిన్నగా తవ్విపెట్టాను. ఆ వానకాలం వాగు అందులో పడింది. నా రెండెకరాలు ఇప్పుడు వాగుకు తూర్పున ఉన్నాయి కాబట్టి తనవేనని, నేను విమానం ఎక్కగానే వాడు నాగలి కట్టాడు. థూ, నువ్వూ ఒక అన్నవేనా!

4. పాత వంపులోని మడుగు, ఒడ్డు మీది నేరేడు చెట్టు, నా వల నా కూతురు పుష్పకు. నీళ్లులేని మడుగు ఇస్తున్నాను బిడ్డా, సిగ్గుగా ఉంది. నీకు ఈత నేర్పింది అందులోనే.

5. రాజలింగుకు ఏమీ లేదు. నేను తెచ్చిచ్చిన టేప్‌రికార్డరు కూడా వెనక్కి తీసుకోవాలి. వాడు నా పాడె ముట్టరాదు. కొరివి పుష్ప పెట్టాలి. ఆడపిల్ల ఏమిటని నోరెత్తినవాణ్ని అక్కడి నుంచి పంపేయండి.

6. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత గౌరవ్వది. కాలువ పూడ్పించేదాకా కోర్టు మెట్లు దిగవద్దు. నా బూడిదను పారే నీళ్లలో కలపవద్దు. మూడు మద్దుల దగ్గర, పాత వాగు ఇసుకలో పోయండి. ఎండిపోయి ఉన్నా సరే. తవ్వినవాణ్ని నేనే కదా, అక్కడే పడుంటాను. కాలువ పూడిన ఏడాది వాగే వచ్చి నన్ను తీసుకుపోతుంది.

దోహా, ముషైరిబ్. 1996 మే 17, శుక్రవారం.

బొల్లి ముత్యం, చేతివ్రాలు

రాసినది: ఏసోబు
సాక్షులు: ముజఫ్ఫర్ అలీ (క్యాంపులో నా పక్క మంచం), ఆంజి (ఐన్ ఖాలిద్‌లో ఇంటి డ్రైవరు)