మొసలి దేవరకు నారబట్ట

జిల్లా కచేరీ గుమాస్తా లూసిమాకస్ గారికి,
కెర్కే ఊరి మొసలి గుడి కాపరి మర్రేస్ దణ్ణం. నువ్వు చల్లగా ఉండాలని దేవరకు మొక్కుదామంటే దేవరే పోయాడు. నేను పెట్టిన రొట్టె నోట్లోనే ఉంది, ప్రాణం లేదు. గుడ్డులోంచి తల బయటపెట్టిన నాటి నుంచి పెంచాను. నారబట్ట చుట్టి పాతిపెట్టాలి. బట్టకు మీ రోము దొరల ముద్ర కావాలట. మా తాతల నాడు దేవుడు చావడానికి ఎవణ్ణీ అడిగేవాడు కాదు. ఎండలు ముదిరాయి, తొందరగా పంపు.
ఇట్లు, మర్రేస్.
తా.క. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. ఏడుస్తూ రాశాను. ఏడవకపోయినా ఇలాగే రాస్తాను.

మర్రేస్‌కు,
క్షేమం. నీ దుఃఖం తెలిసింది. అయితే రోము నుంచి పెద్ద దొరగారు మీ మొసలికి స్వయంగా తేనె రొట్టె తినిపించడానికి వస్తున్నారు. ఉత్తర్వు వచ్చేసింది. ఉత్తర్వులో మొసలి బతికే ఉంది. కనుక ఇప్పుడు చావడం కుదరదు. దొరగారు వెళ్ళాక చూద్దాం.
ఇట్లు, లూసిమాకస్.
తా.క. చచ్చిన దేవుళ్ళకు బట్ట ఆపేశారు. బతికున్న దేవుళ్ళ కట్టుబట్టకు అడ్డు లేదు.

లూసిమాకస్‌కు,
మీరు ముద్ర కొడితే దేవర ఊపిరి పీలుస్తాడటయ్యా? పంట పట్టుకుపోయారు, గాడిదను తోలుకుపోయారు. సరే అన్నాను. ఇప్పుడు చావు కూడా మీదేనా? మా ఇంటావంటా అబద్ధం లేదు. కానీ దేవర ఉబ్బుతున్నాడు. ఈగలు తోలలేక నా చెయ్యి పడిపోయింది. అందుకని రాస్తున్నా: దేవర బతికే ఉన్నాడు, ఒంటి మీద గుడ్డ లేదు. పంపు.
మర్రేస్.
తా.క. కాగితం మీద ఉమ్ము పొరపాటున పడింది కాదు.

మర్రేస్‌కు,
దేవర బతికే ఉన్నందుకు కచేరీ సంతోషిస్తోంది. బట్ట పంపాం. దొరగారి ముందు ఆ బట్టలోనే ఉంచు. బతికున్న దేవుణ్ణి పాతిపెడితే మాత్రం నిన్ను రాతి గనుల్లో పడేస్తారు.
ఇట్లు, లూసిమాకస్.
తా.క. ఉబ్బాడన్నావు, మంచిదే. దొరగారికి బొద్దు మొసళ్ళంటే ఇష్టం.

మర్రేస్‌కు,
జవాబు రాయలేదేం? అయినా శుభవార్త విను. దొరగారు మీ గుడి నుంచి పొంగిపోతూ వచ్చారు. గుడి చీకట్లో దేవర అడగ్గానే నోరు తెరిచాడట. రొట్టె, మాంసం తిన్నాడట, ద్రాక్షసారా తాగాడట, కరవలేదట. ఈజిప్టు మొత్తంలో ఇంత అణకువ ఎవరిలోనూ చూడలేదన్నారు. రోముకు తీసుకుపోతారట. ఓడ సిద్ధం.
ఇట్లు, లూసిమాకస్.
తా.క. మొసళ్ళు త్రేనుస్తాయని నాకు తెలియదు సుమా.

లూసిమాకస్‌కు,
నీ బట్టలో సగం దేవరకు చుట్టి, దొర రాకముందే ఇసుకలో పడుకోబెట్టాను. మిగతా సగంలో నేను దూరాను. తోక రెల్లుకట్ట. దేవర పోయాక నా నోట్లో పడ్డ మొదటి ముద్ద ఆ దొర రొట్టే. సారా బాగుంది, మాంసం గట్టి. కరవనిది అణకువతో కాదని దొరకు చెప్పు. నాకు పళ్ళు లేవు. ఉండి ఉంటే ఆ చెయ్యి రోముకు చేరేది కాదు.
ఓడను ఖాళీగా పంపుకో. దగ్గుతో నెత్తురు పడుతోంది. దేవర పక్కనే నాకూ గొయ్యి తవ్వించాను.
ఉంటా. ఎక్కువ రోజులు కాదు.
మర్రేస్.
తా.క. నా సగం బట్టకు తేనె అంటి చీమలు పట్టాయి. ఇంకో ముక్క పంపు, మనిషంత. కచేరీలో మాత్రం బతికే ఉన్నానని రాసుకో.