ఊపిరి బిగబట్టి ఇచ్చిన కొలతలు

ఏమండీ,

కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. తిన్నాక గోల్ఫ్ కర్రలు తీసుకుని, మీ కొలతలతో వాటిని చేసిచ్చిన షాపుకి వెళ్ళండి. పొడుగయ్యాయని మీరు గొడవ పెట్టారుగా, మళ్ళీ కొలుస్తానని షాపతను ఫోన్ చేశాడు. ఆఫీసు బూట్లు వద్దు, ఆటకి వేసుకునేవే వేసుకోండి. "ఆ రోజు సార్ బాగా నిటారుగా నిలబడ్డారు మేడమ్, ఆడేటప్పుడు అలా నిలబడరనుకుంటా" అన్నాడు పాపం, మర్యాదగానే. ఎత్తు మడమల బూట్లేసుకుని, పొట్ట లోపలికి లాక్కుని కొలతలిస్తే కర్రలు ఆ మనిషికే సరిపోతాయి. ఆ మనిషి మనింట్లో ఉండడు.

ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని చూశాను గానీ, ఆట రాకముందే మద్దెలని కొలతలిచ్చి చేయించుకున్నవాళ్ళని మిమ్మల్నే చూశాను. ఆ కర్రలతో పెరట్లో తవ్విన గుంటలు మీరే పూడ్చండి.

అక్క వాళ్ళింటికి వెళ్తున్నా. చీకటి పడేలోపు వస్తా.

అన్నట్టు, నన్ను చూడ్డానికి వచ్చిన రోజు కూడా ఇలాగే పొట్ట బిగబట్టి కూర్చున్నారు. ఎవరూ చూడట్లేదనుకుని ఓసారి ఊపిరి వదిలేశారు. అది చూశాకే నేను సరేనన్నాను. ఇవాళ అలా నిలబడండి.