నూట ఎనభై నెలలు

ఎల్మినా
2017 జనవరి 15

ప్రియమైన మా పెద్దమనిషికి,

మీ మాన్సా రాస్తున్న ఉత్తరం. పొగబెట్టిన చేపల బుట్టతో పాటు తమాలె బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. చేపల వాసన తగిలితే మీకు ఇంకేమీ కనబడదని తెలుసు. అందుకే ఉత్తరాన్ని బుట్ట మూతకే కట్టాను.

ఫోనుండగా ఉత్తరమేమిటంటారా? ఫోనులో మీరు తప్పించుకుంటున్నారు. "డిసెంబరుకి అరవై నిండుతాయి కదా, ఆ బడి ఉద్యోగం వదిలి ఇంటికొచ్చేస్తారు కదా" అని క్రిస్మస్ నుంచి మూడుసార్లు అడిగాను. మొదటిసారి హెడ్మాస్టరు పిలుస్తున్నాడన్నారు. రెండోసారి రంపం చేతిలో ఉందన్నారు. మూడోసారి "ఇక్కడ వాన దంచికొడుతోంది, ఏమీ వినబడట్లేదు" అన్నారు. జనవరిలో తమాలెలో వానా? దుమ్ముగాలికి పెదాలు పగిలే నెలలో అక్కడ వాన కురిపించిన మొట్టమొదటి వడ్రంగి మీరే.

మీరు వెళ్లి పదకొండేళ్లయింది. ఏడాదికి రెండు సెలవులకి వస్తారు, మంచానికి మేకులు కొడతారు, వెళ్లిపోతారు. నేను పెళ్లిచేసుకున్నది ఆ మంచాన్ని కాదు. పెన్షన్ రాగానే వచ్చేస్తానని మాట ఇచ్చింది మీరే.

వెనక గదికి రేకులు మార్పించాలి. వస్తున్నారంటే మార్పిస్తాను. రాకపోతే అందులో ఇంకో పొగపొయ్యి పెట్టుకుంటాను. అక్కడ మీకు వండిపెట్టే మనిషెవరైనా దొరికితే అదీ రాసేయండి. ఏడవను. బస్సెక్కి వస్తాను, అంతే.

ఓపిక అయిపోవచ్చిన
మీ మాన్సా

తమాలె
జనవరి 29

ప్రియమైన మాన్సాకి,

వండిపెట్టే మనిషా? నా వంట నేనే చేసుకుంటున్నాను, ఆ సంగతి నా నడుం చుట్టుకొలతే చెబుతుంది. నీ చేపలు వచ్చాక నాలుగు రోజులు మనిషిలా తిన్నాను.

అడిగావు కాబట్టి నిజం రాస్తున్నాను. కూర్చుని చదువు.

క్రిస్మస్‌కి ముందు పెన్షన్ ఆఫీసుకి వెళ్లాను. నెలనెలా పెన్షన్ రావాలంటే అరవై నిండేసరికి నూట ఎనభై నెలల చందా కట్టి ఉండాలట. బడివాళ్లు నా పేరున కట్టింది డిసెంబరుతో కలిపి నూట ముప్ఫై ఒకటి. వచ్చే డిసెంబరు దాకా లాగినా నూట నలభై రెండే. కట్టిన డబ్బు వడ్డీతో ఒక్కసారి చేతిలో పెట్టి దండం పెడతారు. అది ఎన్నాళ్లొస్తుంది?

అందుకే ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నాను. ఇక్కడ బీరువాలు, బల్లలు అడిగేవాళ్లున్నారు. ఎల్మినా ఒడ్డున పడవలు చెక్కడానికి అరవయ్యేళ్లవాణ్ణి ఎవరు పిలుస్తారు? ఇంటికొచ్చి నీ పొయ్యి పక్కన కూర్చుని నీ సంపాదన తినలేను. ఈ మాట నీతో ఫోనులో చెప్పలేక వాన కురిపించాను.

ఒడ్డుకి ఒకాయన సంచీ తగిలించుకొచ్చేవాడు, గుర్తుందా? "సొంత పని చేసుకునేవాళ్లు కూడా పెన్షన్ చందా కట్టుకోవచ్చు" అని పడవ పడవకీ తిరిగి చెప్పేవాడు. ఆయన పోరు పడలేక పేరు రాయించి రెండు నెలలు కట్టాను. మూడో నెల "నా చెమటంతా నీ సంచీలో పోయడానికా, పోవయ్యా" అని తరిమాను. నువ్వు కట్టమంటే నీ మీదా ఎగిరాను. అప్పుడు నీ మాట విని ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరం ఉండేది కాదు. బాధగా ఉంది మాన్సా. ఆ సంగతి ఎత్తి పొడవకు.

నీ
కొబినా

ఎల్మినా
ఫిబ్రవరి 6

ప్రియమైన మొండిమనిషికి,

ఎత్తి పొడుస్తాను. పదహారేళ్లుగా ఈ అవకాశం కోసమే చూస్తున్నాను.

మీరు సంచీ ఆయన్ని తరిమిన సాయంత్రం ఏమన్నారో నేను ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు. "నువ్వు గానీ వాడికి ఒక్క సెడీ ఇచ్చావంటే ఈ ఇంట్లో ముద్ద ముట్టను" అన్నారు. కాబట్టి నేను మీకు చెప్పలేదు. మీరు ముద్ద మానేస్తే మిగిలింది నేను తినలేను కదా.

కట్టాను. మీ పేరునే, నా చేపల డబ్బులోంచి. ఆయన మీరు పడవల దగ్గరున్నప్పుడు పొగపొయ్యిల వెనక నుంచి దొంగలా వచ్చేవాడు. "అమ్మా, మీ ఆయన లేడు కదా?" అని గుసగుసగా అడిగేవాడు. పక్కపొయ్యి ఆవిడ మా ఇద్దరి గురించి ఏమనుకుందో దేవుడికే తెలుసు. మీరు బడిలో చేరాక కూడా మానలేదు. సెలవులకొచ్చి పడవలు బాగుచేసి సంపాదించేవారు కదా, సొంత పని ఉన్నట్టే కదా అనుకున్నాను. ఆయనకి బదిలీ అయ్యేదాకా కట్టాను.

రసీదులు పాలపొడి డబ్బాలో ఉన్నాయి. మీ రెండింటితో కలిపి డెబ్బై. బడివాళ్లు కట్టడం మొదలుపెట్టాక ఈ పాతవి చెల్లవేమోనని ఊరుకున్నాను. చెల్లుతాయో లేదో మీరే అడగండి. నకళ్లు తీయించి పంపుతున్నాను. అసలువి మీ చేతికివ్వను, మీకు తరమడం అలవాటు.

నవ్వాపుకోలేని
మీ మాన్సా

తమాలె
ఫిబ్రవరి 21

ప్రియమైన దొంగ మాన్సాకి,

నీ ఉత్తరం బస్టాండులోనే చదివి అక్కడే కూలబడ్డాను. డ్రైవరు ఎవరైనా పోయారేమోనని మంచినీళ్లు తెచ్చాడు. నూట ముప్ఫై ఒకటికి డెబ్బై కలిపితే రెండు వందల ఒకటి! పరుగున ఆఫీసుకి వెళ్లాను.

అక్కడ రహీనా అని ఒక గుమాస్తా పిల్ల ఉంది. నా కూతురి వయసుంటుంది, నాలుక మాత్రం మా అత్తగారిది. రసీదులన్నీ చూసింది.

"పెద్దాయనా, పద్దెనిమిది నెలలు బడివాళ్లూ కట్టారు, ఇంటావిడా కట్టింది. అవి రెండేసి నెలలు కావు, ఒక్కొక్కటే."

"రెండుసార్లు కట్టాం కదమ్మా?"

"కడితే? ఒకే నెలలో రెండుసార్లు ముసలివాళ్లైపోయారా ఏంటి? ఆ నెలల్లో రెండు సంపాదనలూ కలిపి చూస్తారు, డబ్బెక్కడికీ పోదు. నెల మాత్రం ఒకటే."

పద్దెనిమిది తీసేసినా నూట ఎనభై మూడు. నేను టోపీ తీసి గాల్లోకి ఎగరేశాను. అప్పుడు ఆ పిల్ల అసలు బాంబు పేల్చింది.

"ఆగండాగండి. బడి నెలలు ఎబినేజర్ ఒటూవి. ఒడ్డు నెలలు కొబినా ఒటూవి. నంబర్లు వేరు, పుట్టినరోజులు వేరు. ఈయన డిసెంబరు ఒకటి, ఆయన మే ఏడు. మీరు ఇద్దర్లో ఎవరు?"

"ఇద్దరూ నేనే తల్లీ. ఇంట్లో కొబినా, చర్చిలో ఎబినేజర్."

"నాకు తెలుసు. కంప్యూటరుకి తెలీదుగా!"

తప్పు నాదే. బడిలో చేరేటప్పుడు "ఇదివరకు పెన్షన్ నంబరుందా" అని అడిగితే, తరిమేసిన నంబరెందుకులే అని లేదన్నాను. చర్చి కాగితం చేతికిస్తే వాళ్లు అందులో ఉన్న పేరు, తేదీ ఎక్కించారు. ఇద్దరూ ఒకే మనిషని, ఏ తేదీ నిజమో రుజువు తెమ్మంటున్నారు. సంచీ ఆయనకి మా అమ్మ నోట విన్న తేదీ చెప్పాను, ఆవిడ ఉంటే తనే సాక్ష్యం చెప్పేది. రుజువు లేకపోతే ఎబినేజరుకీ పెన్షన్ రాదు, కొబినాకీ రాదు. మా పిన్ని అమీసా ఒక్కతే మిగిలింది. వెళ్లి అడుగుతావా?

ఇద్దరు మనుషులై కూడా ఒంటరిగా ఉన్న
నీ కొబినా

ఎల్మినా
మార్చి 9

ప్రియమైన ఇద్దరికీ,

పిన్నిగారికి మొక్కజొన్న కెంకే ముద్దలు, మిరప పచ్చడి పట్టుకెళ్లాను. అవి తిన్నాకే నోరు విప్పింది. మీ డిసెంబరు ఒకటి సంగతి చెబితే పళ్లు లేని నోటితో ఒకటే నవ్వు.

"అది వాడికి బాప్తిస్మం ఇచ్చిన రోజే పిచ్చిదానా! చర్చిలో నీళ్లు పోసేది ఆదివారం కాదూ? ఆదివారం పుట్టుంటే క్వేసీ అని పిలిచేవాళ్లం, కొబినా అని ఎందుకు పిలుస్తాం? వాడు మంగళవారం పిల్లాడు!"

"అంత గట్టిగా ఎలా చెప్తున్నావ్ పిన్నీ?"

"మంగళవారం సముద్ర దేవుడి రోజు, ఆ రోజు వేటకి ఎవడైనా వెళ్తాడా? పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మా బావ ఇంటి ముందే కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. మిగతా పిల్లలు పుట్టినప్పుడు ఆ మనిషి ఎప్పుడూ వేటలోనే. ఒక్క వీడి ఏడుపే చెవులారా విన్నాడు. ఆ ఏడు మార్చిలో స్వాతంత్ర్యం వచ్చిన రెండు నెలలకి, జెండాలింకా దించలేదు."

చర్చి గుమాస్తా దగ్గర పాత కేలండరు చూశాం. యాభై ఏడు మే ఏడు మంగళవారం. డిసెంబరు ఒకటి ఆదివారం. సంచీ ఆయనకి మీరు చెప్పిన తేదీయే నిజం. పిన్నిని కోర్టుకి తీసుకెళ్లి ప్రమాణం చేయించి వేలిముద్ర వేయించాను. ఈ వయసులో కోర్టెక్కించావని తిడుతూనే, ఫొటో తీస్తారా అని అడిగింది. కాగితం ఈ ఉత్తరంతోనే ఉంది. మడత పెట్టకండి.

భయంగా ఉంది. ఫలితం ఏదైనా వెంటనే రాయండి. పెన్షన్ లేకపోయినా రండి. నా సంపాదన తినడానికి సిగ్గయితే కళ్లు మూసుకుని తినండి.

మీ మాన్సా

తమాలె
ఏప్రిల్ 20

నా ప్రియమైన మాన్సాకి,

అయిపోయింది. ఇద్దరినీ కలిపి ఒక్క మనిషిని చేశారు. ముందు నమోదైన తేదీయే చెల్లుతుందట, నీ సంచీ ఆయన రాసుకున్నదే. ఈ ఏడాది నెలలు కలపకముందే నూట ఎనభై మూడు. అంతేకాదు, నాకు అరవై నిండేది డిసెంబరులో కాదు, మే ఏడున. హెడ్మాస్టరుకి చెప్పేశాను. శనివారం, మే ఆరున దిగుతున్నాను.

రహీనా నా నెలలన్నీ అచ్చువేసి ఇచ్చింది. బయట బెంచీ మీద కూర్చుని ఒక్కో నెలా వేలితో చదివాను. రెండు వేల నాలుగు జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు దగ్గర వేలు ఆగిపోయింది. దుంగ పడి నా కాలు విరిగి మంచంలో ఉన్న నెలలవి. అప్పుడు మనింట్లో రోజుకొక్క పూటే పొయ్యి వెలిగింది. నీకు ఆకలి లేదని చెప్పి గిన్నె నా వైపు తోసేదానివి. నేను నమ్మాను. ఆ నాలుగు నెలలూ ఈ కాగితంలో ఉన్నాయి మాన్సా, ఒక్కటీ తప్పలేదు. అవి లేకపోతే టోపీ ఎగరేసిన రోజు నా లెక్క నూట డెబ్బై తొమ్మిదే. అరవయ్యేళ్ల మనిషిని, ఆఫీసు ముందు అందరూ చూస్తుండగా ఏడ్చాను.

కళ్లు తుడుచుకుని మళ్లీ లోపలికి వెళ్లాను. "మా ఆవిడవి ఎన్ని నెలలున్నాయో చూడమ్మా, తనకీ కట్టుకునే ఉంటుంది" అన్నాను. నీ పేర్లన్నీ వరసగా చెప్పాను. రహీనా వెతికి వెతికి నా మొహం చూసింది. "ఒక్కటీ లేదు పెద్దాయనా" అంది. నువ్వు నాకు కట్టినవి అరవై ఎనిమిది, నీకు సున్నా. ఎందుకని అడగను, డబ్బు ఒక్కరికే సరిపోయేదని తెలుసు.

"ఆవిడకెంత వయసు?" అని అడిగింది. జూలై అయిదుకి నలభై అయిదు నిండుతాయన్నాను. ఆ పిల్ల కుర్చీలోంచి లేచింది. "నలభై అయిదు దాటితే కొత్తగా చేర్చుకోరు! పరిగెత్తండి!" అంది.

డిసెంబరులో వచ్చి ఉంటే నీ గడువు దాటిపోయేది. ఈ మే నుంచి కడితే నీ అరవైకి నూట ఎనభై రెండు నెలలు. రెండే నెలల వెసులుబాటు, అవీ నేను పోనివ్వను. బల్లలు చేసో, తెడ్లు చెక్కో నెలనెలా నేనే కడతాను. నా పెన్షన్ మనిద్దరం తిందాం. నువ్వు వద్దంటే పొయ్యి వెనక నుంచి వచ్చి మరీ కడతాను.

ఆదివారం నా పుట్టినరోజుకి ఏమీ వండకు, విశ్రాంతి తీసుకో. సోమవారం పొద్దున ఎనిమిదింటికి అక్కడి ఆఫీసు తెరుస్తారు. మనం ఏడున్నరకే గుమ్మం దగ్గరుండాలి. నీకున్న పేర్లలో ఏది రాయించాలో ఇప్పుడే ఒకటి తేల్చుకో. ఇంట్లో మంగళవారం పుట్టినవాడు ఒక్కడు చాలు, పిన్నిని రెండోసారి కోర్టెక్కించలేను.

ఒక్కడే అయిన
నీ కొబినా ఎబినేజర్ ఒటూ