చివరికి పూసిన సలాదు మొక్క

జమ్మలమడుగు,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రేమగల అక్క ఎస్తేరమ్మకు తమ్ముడు యాకోబు, మరదలు సారమ్మ చేతులెత్తి చేసే వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ ఇద్దరమూ కులాసాగా ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ దగ్గు ఎలా ఉంది? నల్లావు ఈనిందా? ఒక్కొక్కటీ విడివిడిగా రాయించు. పోయినసారి నీ కూతురు మేరీ "అందరూ బాగున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. బడికి పంపింది అందుకేనా అని నా మాటగా అడుగు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. పెన్నలో ఇసుక తప్ప నీళ్ళు లేవు, చెలమలు తీసి తోడుకుంటున్నారు. నేను పనిచేసే బంగళా బావిలో ఊట ఉంది కాబట్టి తోటకు లోటు లేదు. మాకూ తిండికి లోటు లేదు, బెంగపడొద్దు. మన లింగాల విడిచి ఆరేళ్ళు కావస్తున్నా మనసు మాత్రం కుదురుకోలేదు. పోయిన వారం ప్రొద్దుటూరు సంతలో వెనక నుంచి ఎవరో "యాడికి పోతాండావప్పా?" అన్నారు. గొంతు అచ్చం బావ గొంతే. ఆయన అడిగింది వేరే మనిషిని. నేను మాత్రం తిరిగి చూసి, ఎక్కడికి పోతున్నానో ఏం కొనాలో అంతా చెప్పేశాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

అక్కా, చలికాలం నుంచి నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటి ఉంది. సిగ్గేసి రాయలేదు. ఈ రోజు రాస్తున్నాను.

నేను తోటపని చేసే బంగళా అమ్మగారు బడిలో పాఠాలు చెప్పి మానుకున్న తెల్లామె అని నీకు తెలుసు. ఆమెకు సలాదు అని ఒక ఆకు ప్రాణం. చలికాలంలో పెరుగుతుంది. ఉడికించరు, తాలింపు పెట్టరు, ఉప్పూ పుల్లనీళ్ళూ చల్లుకుని పచ్చిగానే తింటారు. మొదటిసారి చూసినప్పుడు సారమ్మ నా చెవిలో "ఏందబ్బా ఇది, గొడ్డు మాదిరి పచ్చాకు మేస్తాంది పాపం" అంది. ఆ విత్తనం ఏటా అమ్మగారి చెల్లెలు వాళ్ళ దేశంలో తన తోటలో పండించి, ఓడలో పంపేది. ఆకు కోసుకోవడం అయ్యాక, మొక్కలు నిట్టనిలువుగా లేచి చేదెక్కగానే పెరికి గేదెకు వేసేవాణ్ణి.

పోయిన ఏడాది అవి అలా లేస్తున్న రోజుల్లోనే నల్ల అంచు కవరు వచ్చింది. ఆ చెల్లెలు చనిపోయింది. అమ్మగారు రెండు రోజులు గది విడిచి రాలేదు. మూడో రోజు పొద్దున మడి దగ్గరికి వచ్చి, తన పుస్తకాల తెలుగులో, "యాకోబూ, వీటిని పెరికివేయవద్దు. ఈసారి పూయనిమ్ము" అంది.

పూశాయి అక్కా! నా ఛాతీ ఎత్తుకు లేచాయి. గోరంత లేత పసుపు పూలు. పొద్దున ఎండ పడగానే విచ్చుకుని, నేను బావి దగ్గర నీళ్ళు తోడి వచ్చేలోపు ముడుచుకునేవి. ముడుచుకున్న పువ్వు మళ్ళీ తెరుచుకోదు. దాని బతుకంతా ఆ ఒక్క పొద్దే. రెండు వారాలకు మొగ్గ కొసన తెల్లటి నూగు బయటికి వచ్చింది, జిల్లేడు కాయ పగిలినట్టు. ఆ నూగు పట్టి లాగితే కింద గింజలు, నువ్వు గింజలో సగం కూడా లేవు. ఇంత గింజలోంచి అంత ఆకు ఎలా వచ్చిందో, ఆ ఆకు మళ్ళీ ఇంత గింజలోకి ఎలా దూరిందో నాకు అంతు పట్టలేదు. ఇన్నేళ్ళుగా ఈ అద్భుతాన్ని గేదెకు వేశానా అని నొచ్చుకున్నాను.

విత్తనానికి ఏ మొక్కను ఎంచుకోవాలో నాకు అనుమానమే రాలేదు. కొర్ర చేలో నువ్వు దారం కడుతూ చెప్పిన మాట చెవిలోనే ఉంది. "ముందు ఈనిన ఎన్నే ఇత్తనానికి తీయల్లరా. వాన ఎప్పుడు మొగం చాటేస్తాదో ఏమో, బిరీన పండేదే మనల్ని బతికిస్తాది" అనేదానివి. అందరికంటే ముందు పూసిన మొక్కకు ఎర్ర దారం కట్టి, దాని గింజలే దాచాను. మిగతావన్నీ పెరికేశాను. బావి కాలువ పక్కన ఒకటి మాత్రం లేవకుండా చతికిలబడి ఉండిపోయింది. సోమరిది అని తిట్టుకుని వదిలేశాను. అది ఎండలు ముదిరాక తీరుబడిగా పూసింది. దాన్నీ పెరకబోతే సారమ్మ చెయ్యి పట్టుకుంది. "పూసినదాన్ని పెరుకుతారా యాడన్నా? ఉండనీ, నీ సొమ్మేం పోతాంది?" అంది. తర్వాత దాని గింజలు కూడా కొంగులోకి దులిపి మూట కట్టుకుంది.

వానాకాలంలో చెల్లెలి కూతురి నుంచి ఉత్తరం వచ్చింది. ఇల్లు అమ్మేశారట, అమ్మ పండించిన సలాదు విత్తనం ఒక్క గింజ కూడా దొరకలేదట, పెద్దమ్మ దగ్గర ఉంటే కొంచెం పంపమని. అమ్మగారు నా ముందే చదివి, "మన దగ్గర ఉన్నది. యాకోబు దాచినాడు" అంది. నేను ఆ మాటకు ఉబ్బిపోయాను. పంపే ముందు ఒక మడి వేసి చూద్దామన్నాను.

చలి మొదలవగానే చల్లాను. బాగానే మొలిచాయి. జానెడు ఎత్తుకు రాగానే, ఆకు ఇంకా విప్పకుండానే, అన్నీ పూతకు లేచాయి. అమ్మగారు ఒక ఆకు తుంచి నమిలింది. చేదు. ఆమె మింగి, "ఇది మా చెల్లెలి ఆకు కాదు" అని మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది. అక్కా, ఆమె నన్ను తిట్టినా బాగుండేది. చనిపోయిన మనిషిని నా చేతులతో రెండోసారి పూడ్చినట్టు అనిపించింది. మూడు రోజులు అన్నం సయించలేదు.

నాలుగో రోజు ఆ మడి పెరుకుతూ ఉంటే తట్టింది. కొర్రలో మనం తినేది గింజ. అది త్వరగా ఈనితే మనకు మేలు. సలాదులో తినేది ఆకు. పూతకు తొందరపడే మొక్క ఇక్కడ దొంగ. ఆ దొంగకే నేను దారం కట్టి మర్యాద చేశాను! ఇంటికి పరుగెత్తి, "నీ సోమరిదాని గింజలు యాడ పెట్టినావు?" అన్నాను. సారమ్మ తాపీగా అటక మీది పిడత దించింది. నువ్వు నేర్పినట్టే నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, వేపాకు పరిచి, మూతికి గుడ్డ కట్టి ఉంది. పోయిన వేసవిలో తేమకూ పురుగుకూ అమ్మగారి సీసాల్లో విత్తనాలు సగం చెడిపోయాయి. ఇవి చెడలేదు. చల్లిన వారంలో మడి అంతా పచ్చబడింది.

ఈసారి ఆకు గుండ్రంగా, మెత్తగా, పొరలు పొరలుగా వచ్చింది. అమ్మగారు ఒక్క ఆకు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి తెరిచింది. కళ్ళ నిండా నీళ్ళు. "ఇదే" అంది. తర్వాత, అన్నింటికంటే ఆలస్యంగా లేచిన నాలుగు మొక్కలకు తనే దారం కట్టింది. అవి పూసినన్నాళ్ళూ రోజూ పొద్దున కుర్చీ వేయించుకుని, విచ్చుకున్నది మొదలు ముడుచుకునే దాకా చూస్తూ కూర్చుంది. నేను కూడా పని ఆపి నిలబడేవాణ్ణి. ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదు.

ఈ ఉత్తరం మడతలో చిటికెడు గింజలు పెట్టాను. చలికాలంలో మన బావి కాలువ పక్కన చల్లు. నీ మాట తప్పమంటున్నానని కోప్పడకు, ముందు పూసినదానికి మాత్రం దారం కట్టకు. పులివెందుల బస్సుకు తెలిసినవాళ్ళు ఎవరైనా వస్తే సేరు కొర్రబియ్యం, కాస్త ఊరిబిండి పచ్చడి పంపు. సారమ్మకు నోరు చప్పగా ఉంది. ఎందుకో నువ్వే ఊహించుకో, ఇంకా ఎవరికీ చెప్పొద్దు.

అమ్మగారి దేశానికి, ఆ చెల్లెలి కూతురికి పోయే విత్తనాల పొట్లం సోమవారం కట్టాం. దాని మీద పండించినవాళ్ళ పేరు రాయడం వాళ్ళ పద్ధతట. అమ్మగారు నా పేరు రాయబోయింది. "నాది వద్దమ్మా, మా అక్క పేరు రాయండి" అన్నాను.

"ఆమె ఈ మొక్కను చూడనే లేదు గదా?" అంది.

"చూడలేదమ్మా. మా అమ్మ పోయినంక నన్ను సాకింది ఆమే. ఇత్తనం చెడకుండా దాసేది మా ఇంటిదానికి నేర్పించింది ఆమే. ఆ పిడత లేకుంటే ఈ పొట్లం యాడిది?"

అది విని అమ్మగారు మళ్ళీ కలం పట్టుకుంది. చెల్లెలు గుర్తొచ్చిందేమో. తర్వాత నీ పేరు ఒక్కో అక్షరం నన్ను అడిగి అడిగి, పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో రాసింది: ఎస్తేరమ్మ, లింగాల. మంగళవారం నా చేత్తోనే పోస్టులో వేశాను. పులివెందుల దాటి ఎరగవు నువ్వు. నీ పేరు సముద్రం దాటుతోంది అక్కా.

బావకు, అత్తకు మా వందనాలు, మేరీకి ముద్దులు. మా ఇద్దరినీ, సారమ్మ కడుపులోని బిడ్డనూ దీవించమని కోరే

నీ తమ్ముడు,
యాకోబు