చంటిగాడి పెద్ద శుభవార్త

చంటీ,

ముప్పై నాలుగేళ్లొచ్చినా నా చేతుల్లో పెరిగిన మేనల్లుడివి కాబట్టి అలాగే పిలుస్తాను. ఆశీస్సులు.

ఫోన్ చేస్తే "సరే అత్తయ్యా, మీటింగులో ఉన్నా అత్తయ్యా" తప్ప నీ నోట ఇంకో ముక్క రాదు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో పెట్టేయలేవు.

కుట్టుషాపు బాగానే నడుస్తోంది. బళ్లు తెరిచే రోజులు కదా, యూనిఫారాల గుట్టల్లో నేనెక్కడున్నానో నాకే తెలియడం లేదు. పక్కింటి పంతులమ్మ నువ్వేం చేస్తావని అడిగితే "యూనివర్సిటీ మెడికల్ కాలేజీలో" అన్నాను. వెంటనే నాలిక చాపి పుండు చూపించింది. "డాక్టరు కాదమ్మా, కాలేజీకి పెద్ద పెద్ద విరాళాలు తెచ్చే ఉద్యోగం" అన్నాను. "ఓహో, చందాలా" అని నాలిక లోపలికి లాక్కుంది. ఆ 'ఓహో' నాకు నచ్చలేదు.

సరే, ఇంతకీ ఏదైనా కుదిరేలా ఉందా లేదా? ఈ ఏడాదైనా శుభవార్త వింటానా?

ఇట్లు,
ఎదురుచూసే అత్తయ్య

తా.క. చొక్కా రెండో గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని పెద్దవాళ్ల ఇళ్లకి వెళ్లకు. నాకు తెలుసు నీ సంగతి.

* * *

అత్తయ్యకి నమస్కారాలు.

కవరు మీద 'చంటి, విరాళాల విభాగం' అని రాశావు. ఇప్పుడు డీన్ గారు కూడా నన్ను చంటీ అనే పిలుస్తున్నారు.

శుభవార్త సంగతి ఆయనా రోజూ అడుగుతున్నారు. ఒకటి కుదిరేలా ఉంది. చాలా పెద్ద ఇల్లు. ఖాయమయ్యేదాకా పేరు బయటపెట్టకూడదు కాబట్టి అడక్కు. ఏడాదిగా వాళ్లింటికి వెళ్లొస్తున్నాను. టీ తాగుతాం, పాత కబుర్లు చెప్పుకుంటాం. కానీ నేనింకా అడగలేదు. మనసు తెలుసుకోకుండా అడిగి, 'కాదు' అనిపించుకుంటే అంతే సంగతులు. రెండుసార్లు మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. వారు అలా చూస్తుంటే టీ బాగుందని చెప్పి వచ్చేస్తాను.

కానీ ఏడాది ఆఖరులోగా కుదరకపోతే ఇక్కడ నా పని అయిపోయినట్టే.

ఇట్లు,
నీ చంటి

తా.క. కుదిరిన వెంటనే బొమ్మలు కొనాలి. ఏడ్చేవి, దగ్గేవి, కళ్లు తేలేసేవి. డీన్ గారు ఇప్పటికే కేటలాగు తెప్పించారు.

* * *

చంటీ, నా బంగారూ,

ఉత్తరం చదివి కుట్టుమిషన్ ముందు కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే. ఒక పిల్లవాడి నిక్కరుకి జేబు తలకిందులుగా కుట్టేశాను, ఫరవాలేదు.

ఏడాదిగా వెళ్తూ ఇంకా అడగకపోవడమేంట్రా? మీ మావయ్య బతికున్నప్పుడూ అంతే, ఉప్పు కావాలన్నా గోడకేసి చూస్తూ అడిగేవారు. సరే, వివరాలు రాయి. వయసెంత? ఆరోగ్యమేనా? ఏం చేస్తారు? ఇంట్లో ఎవరెవరున్నారు?

బొమ్మల విషయంలో మీ డీన్ గారికి అంత తొందరెందుకు? కాస్త ఆగమను. ముందు కావలసినవి కానీ.

ఇట్లు,
గాల్లో తేలుతున్న అత్తయ్య

తా.క. సూటుకి నీలం గుడ్డ తీసిపెట్టాను. కొలతలు పంపు. నడుం దగ్గర అబద్ధమాడకు.

* * *

అత్తయ్యకి నమస్కారాలు.

నా పని మీద నీకింత ఆసక్తి ఉందని తెలియదు. వయసు అరవై ఎనిమిది. మోకాళ్లు తప్ప ఆరోగ్యమే. పిల్లలు లేరు. తోడు పోయి పదేళ్లయింది. లిఫ్టుల కంపెనీ పెట్టి బాగా సంపాదించారు, కానీ తాము మాత్రం లిఫ్టు ఎక్కరు, ఆ చప్పుళ్లన్నిటికీ అర్థం తెలుసు కాబట్టి భయమట.

డీన్ గారేమో, "ఇప్పుడిచ్చేది సరే, పోయాక వచ్చేది కూడా రాయించుకో" అంటున్నారు. అదెలా అడగను, సిగ్గు కాదూ?

సూటెందుకో తెలియలేదు కానీ, కొలతలు పంపుతున్నాను.

ఇట్లు,
నీ చంటి

తా.క. నా వల్ల కాకపోతే వచ్చే నెల నుంచి పక్క సీటు కుర్రాణ్ణి పంపుతారట. వాడికి మొహమాటం లేదు.

* * *

ఒరేయ్,

అరవై ఎనిమిదా! నాకంటే ఏడేళ్లు పెద్ద! ఆవిడ నన్ను అత్తయ్యా అనాలా, నేను ఆవిణ్ణి అక్కయ్యా అనాలా? పోయాక వచ్చేది రాయించుకోవడమేంట్రా? నిన్ను ఇలాగే పెంచానా? ఈ వయసులో ఆవిడకి బొమ్మలెందుకు?

పైగా నువ్వు కాకపోతే పక్క సీటు కుర్రాడా! అది ఆఫీసా, ఇంకేమన్నానా?

నేను రేపు బస్సెక్కుతున్నాను. నీ దగ్గరికి కాదు, ఆవిడ దగ్గరికే. లిఫ్టులమ్మి లిఫ్టెక్కని మనిషి ఊరికొకళ్లే ఉంటారు. బస్టాండులో ఏ టాక్సీవాణ్ణి అడిగినా చెప్తాడు.

ఇట్లు,
అత్తయ్య (ఆశీస్సులు ప్రస్తుతానికి ఆపాను)

తా.క. నీలం గుడ్డ ఇంకా కత్తిరించలేదు. బతికిపోయింది.

* * *

అత్తయ్యా, ఆగు!

ఫోనెందుకు ఎత్తవు? వారు అంటే ఆవిడ కాదు, ఆయన! మగమనిషి! మా కాలేజీకి దాత! కుదరడమంటే విరాళం కుదరడం! బొమ్మలంటే మెడికల్ స్టూడెంట్లు సూదులూ కుట్లూ నేర్చుకోవడానికి మనిషంత బొమ్మలు. అవి లేక ఒకళ్ల చేతుల మీద ఒకళ్లు నేర్చుకుంటున్నారు. మొన్న ఒకడు గుచ్చించుకున్న వాడికంటే ముందు తనే పడిపోయాడు.

ఆయనింటికి మాత్రం వెళ్లకు. ఏడాదిగా పట్టుకున్న పని, నా ఉద్యోగం.

ఇట్లు,
నీ కాళ్లావేళ్లా పడుతున్న చంటి

తా.క. ఇది చేరేసరికి నువ్వు బయలుదేరిపోయి ఉంటే, చదవకు. నాకే సిగ్గుచేటు.

* * *

చంటీ,

నీ ఉత్తరం ఇంటికి తిరిగొచ్చాక చూశాను. అప్పటికే అన్నీ అయిపోయాయి. విను.

తలుపు ఒక పెద్దాయన తీశారు. ఆవిడకి అన్నగారనుకున్నాను.

"ఆవిణ్ణి పిలవండి" అన్నాను.

"ఏ ఆవిణ్ణి?"

"మా చంటిని బుట్టలో వేసుకున్న ఆవిణ్ణి."

"ఈ ఇంట్లో నేనూ పిల్లీ తప్ప ఎవరూ లేరమ్మా" అన్నారాయన. కాసేపాలోచించి, "పిల్లి ఆడదే" అన్నారు.

నీ ఉత్తరాలు బయటికి తీశాను. ఇద్దరం వరండాలో కూర్చుని మళ్లీ చదివాం. రెండో దానికే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు, అంత నవ్వు. తర్వాత అన్నారు, "విరాళం కోసమా తల్లీ! ఏడాదిగా వస్తాడు, నా లిఫ్టు కథలన్నీ వింటాడు, వెళ్లేముందు నోరు తెరుస్తాడు, మూసేస్తాడు. నాకేదో పెద్ద జబ్బుందనీ, మెడికల్ కాలేజీవాళ్లు చెప్పి రమ్మని పంపారనీ, పాపం మెత్తటివాడు, చెప్పలేకపోతున్నాడనీ అనుకున్నాను. వీలునామా కూడా రాసుకున్నాను!"

"జబ్బేం లేదండీ. డబ్బు కావాలి, బొమ్మలకి" అన్నాను.

మెడికల్ కాలేజీకి బొమ్మలంటే కుర్ర డాక్టర్లు సూది నేర్చుకోవడానికేనని ఆయనకే తట్టింది. ఆఖరి రోజుల్లో వాళ్లావిడకి సూది వేయడానికి ఒక కుర్ర డాక్టరు నాలుగుచోట్ల గుచ్చాడట. గుచ్చినప్పుడల్లా క్షమించమంటూ. ఆవిడే ఆ అబ్బాయిని ఓదార్చిందట. "ఎన్ని బొమ్మలు కావాలంటే అన్ని కొనమనండి. గోడమీద ఆవిడ పేరుండాలి" అన్నారు. ఈ పని చూసేది నువ్వే అయి ఉండాలని మీ డీన్ గారికి నా ముందే రాశారు.

ఇట్లు,
ఆశీస్సులు మళ్లీ మొదలుపెట్టిన అత్తయ్య

తా.క. ఆయన చొక్కా చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అంతసేపూ అవే చూస్తూ మాట్లాడాను. కొత్తది కుడతానన్నాను.

* * *

అత్తయ్యకి వెయ్యి నమస్కారాలు.

బొమ్మలొచ్చాయి. ఉద్యోగం నిలబడింది. నువ్వు ఆఫీసుకొస్తే డీన్ గారు లేచి నిలబడతారు.

కానీ కొత్త గుబులు పట్టుకుంది. పెద్దాయన ఈమధ్య ఇంట్లో దొరకడం లేదు. ఏ శుక్రవారం వెళ్లినా తాళం. దొరికిన రోజు తలకి రంగు, కొత్త చొక్కా, ఏదో పాట కూనిరాగం. కథలు చెప్పమంటే "తర్వాత బాబూ, బస్సుకి టైమైంది" అంటున్నారు. అవతలి మెడికల్ కాలేజీవాళ్లు ఆయన్ని పట్టేశారని నా అనుమానం. ఎవరో ఘటికులే పనిచేస్తున్నారు. నీకేమైనా తెలుసా?

ఇట్లు,
నీ చంటి

తా.క. ఆ చొక్కాలు కుట్టినవాళ్లెవరో కానీ మంచి పనివాళ్లు.

* * *

చంటీ,

ఆశీస్సులు. నీ ఉద్యోగంలో చూపు చాలా ముఖ్యమనుకుంటాను. డాక్టరుకి చూపించుకో.

ఆ చొక్కాలు నావి. శుక్రవారం బస్సు మా ఊరికే వస్తుంది. నాలుగు చొక్కాలు కుట్టించుకున్నారు. అయిదోదానికి కొలతలిస్తూ, చేతులు చాపి నిలబడి, ఒక్క ముక్కలో అడిగేశారు. ఆలోచించుకోవాలన్నాను. ఎంతసేపన్నారు. భుజం కొలత అయ్యేదాకా అన్నాను. రెండుసార్లు కొలిచాను, టేపు సరిగా కనబడక. ఆ తర్వాత సరేనన్నాను.

వీలునామాలో ఆస్తంతా మీ కాలేజీకే రాశారట. నా పేర తిరగరాస్తానంటే వద్దన్నాను. అది మీ కాలేజీకే పోనీ, నాకు షాపుంది. మీ డీన్ గారికి ఈ మాట నెమ్మదిగా చెప్పు, పెద్దవారు కదా.

వచ్చే బుధవారం పొద్దున్నే రిజిస్ట్రారు ఆఫీసుకి రా. సాక్షి సంతకం నీదే.

ఇట్లు,
ఈ వయసులో సిగ్గుపడుతున్న అత్తయ్య

తా.క. ఆయన్ని ఏమని పిలవాలా అని తికమకపడకు. మావయ్యా అను. మా ఇంటికొచ్చి 'గౌరవనీయులైన దాత గారూ' అన్నావంటే టీ ఇవ్వను.