ఫోన్ ఎంగేజ్‌లో ఉన్న సాయంత్రం

1999 జూలై, గురువారం

సాయంత్రమంతా ఫోన్ ఎంగేజ్ వచ్చిందని అమ్మకు అనుమానం. "ఎవనితోనే గంత ముచ్చట?" అంది. ఫోన్ లైను మీదే నెట్ నుంచి ఫైళ్లు దించుతున్నానంటే నమ్మలేదు. "జర పేరన్న చెప్పరాదే," అని అన్నయ్య నవ్వాడు.

ఇంట్లో కంప్యూటర్‌కున్న లినక్స్ సిస్టమ్‌లో ఒక్క సాఫ్ట్‌వేర్ ఎక్కిద్దామంటే ముందు ఇంకోటి కావాలంది, అది మరోటి అడిగింది. చివరికి ఏదీ ఎక్కలేదు. ఆఫీసులో నాతో పనిచేసే సుజాత మెషీన్‌లో వేరే రకం లినక్స్ ఉంది. దానికి ఒక్క సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి అడిగితే చాలు, కావలసినవన్నీ తనే వెంటబెట్టుకొస్తుంది. మధ్యాహ్నం చూశాను, మనసు అక్కడే ఉండిపోయింది. ఈ ఇంట్లో ఏదడిగినా అమ్మ నాన్నను అడగమంటుంది, నాన్న అన్నయ్యను అడగమంటాడు. ఒక్కసారి అడిగితే సరిపోయే చోటు ఒకటి నాకూ ఉంటే...

సుజాత ఇచ్చిన ఆ లినక్స్ సీడీ బ్యాగులోనే ఉంది. రేపు అన్నయ్య ఆటలతో సహా డిస్కంతా తుడిచేసి దాన్ని ఎక్కిస్తాను. ఎవరినీ అడగను.